సగటు గాలి

జూన్ వస్తే చాలు, ఖఫ్జీలో తెలుగువాళ్ళు నలుగురు కలిసిన చోట ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. “ఇంత గాలి కొడుతోందే, ఇక్కడ గాలిమరలు ఎందుకు పెట్టరు?” అని. ప్రశ్న న్యాయమైనదే. సౌదీ అరేబియా పటంలో ఈశాన్యపు మూలన, కువైట్ సరిహద్దు పక్కన, సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు ఇది. వేసవిలో ఉత్తర, వాయవ్య దిక్కుల నుంచి ఇసుకని మోసుకొచ్చే గాలిని ఇక్కడ షమాల్ అంటారు. అరబ్బీలో షమాల్ అంటే ఉత్తరం. అది మొదలైందంటే కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కుకోవాలి. అయినా అన్నంలో పంటికింద ఇసుక తగులుతూనే ఉంటుంది.

చమురు మీద బతికే ఊరు. 1960లో జపాన్ వాళ్ళ కంపెనీ ఇక్కడి సముద్రంలో చమురు కనిపెట్టింది, అప్పటి నుంచీ ఊరి కథంతా దాని చుట్టూనే. కొత్తరకం విద్యుత్తు అనగానే ఇక్కడివాళ్ళకి గుర్తొచ్చేది సౌరశక్తి సాయంతో సముద్రపు నీటిని మంచినీరు చేసే కర్మాగారం. రోజుకి 60,000 ఘనపు మీటర్ల నీటి కోసం 2015లో దాని ఒప్పందం కుదిరింది. గాలి సంగతి మాత్రం మనవాళ్ళ కబుర్లలోనే.

నేనూ ఆ ప్రశ్న అడిగినవాణ్ణే. అంతటితో ఆగితే బాగుండేది. జవాబు కూడా చెప్పాను, అదీ కంపెనీ లెటర్‌హెడ్ మీద.

నేను చదివింది కంప్యూటర్ సైన్సు. ఇక్కడ ఒక కాంట్రాక్టు కంపెనీకి మెయింటెనెన్సు డేటా చూసిపెట్టడం నా పని. 2022 మొదట్లో వాళ్ళు ఊరికి దూరంగా ఎడారిలో ఉన్న తమ లేబర్ క్యాంపుకి ఒక చిన్న గాలిమర, కొన్ని బ్యాటరీలు కొన్నారు. నలభై మంది ఉండే క్యాంపు, కరెంటు మొత్తం డీజిల్ జెనరేటరు నుంచే. “మర వచ్చాక డీజిల్ ఎంత తగ్గించుకోవచ్చో లెక్క కట్టు” అన్నాడు మా మేనేజరు. దగ్గర్లోని వాతావరణ కేంద్రం లెక్కల నుంచి నెలకొకటి చొప్పున పన్నెండు సగటు వేగాలు తీసుకున్నాను. ఎక్సెల్‌లో పెట్టి, మర కంపెనీ ఇచ్చిన పట్టికతో ముడిపెట్టి, జవాబు రాసేశాను. రెండు గంటల పని.

జూన్, జూలైలలో మర నేను చెప్పినదానికంటే చాలా ఎక్కువ కరెంటు ఇచ్చింది. మేనేజరు భుజం తట్టాడు. నా లెక్క పిసినారి లెక్క అనీ, ఇంకా ధైర్యం చేయొచ్చనీ అనుకుని ఆగస్టులో వారం వారం వచ్చే డీజిల్‌ని సగానికి తగ్గించారు. నేను అడ్డు చెప్పలేదు. ఆగస్టు చివర్లో గాలి ఆగిపోయింది. ఇక్కడ అప్పుడు సముద్రం మీది తేమ ఊరి మీద కూర్చుంటుంది, ఒక్క ఆకు కదలదు. మూడో రాత్రి పదకొండింటికి డీజిల్ అయిపోయింది. ఏసీలు ఆగాయి. మనుషులు పరుపులు బయటకి లాక్కున్నారు కాని బయట మాత్రం గాలి ఎక్కడుంది? తెల్లారేసరికి ఒక కుర్రాడు స్పృహ తప్పాడు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి సాయంత్రానికి పంపించారు. టాంకరు వచ్చేసరికి మధ్యాహ్నమైంది.

నేను ఆ సాయంత్రం క్యాంపుకి వెళ్ళాను. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన టీ ఇచ్చి, కోపం లేకుండానే అడిగాడు: “లెక్క మీరే ఏసిన్రట గద సార్. మంచిగనే ఏసిన్రు గని, గాలికి చెప్పిన్రా?”

ఆ మాట మీద చాలా రోజులు చదివాను. పెద్ద పెద్ద గాలిమరల తోటలు, ముఖ్యంగా ఊళ్ళకి దూరంగా ఉత్తరాన కట్టేవాళ్ళు, ఈ లెక్క ఎలా వేస్తారని. చదివింది మీతో పంచుకోవడమే ఈ వ్యాసం. ఇందులోని గణితం మనం రోజూ సర్వర్ల దగ్గర చూసేదే కనుక భయపడక్కర్లేదు.

నా మొదటి తప్పు

గాలిలో ఉండే శక్తి వేగానికి ఘనంలో పెరుగుతుంది. సగం × గాలి సాంద్రత × రెక్కలు ఊడ్చే వైశాల్యం × వేగం × వేగం × వేగం. ఘనం ఎందుకంటే, వేగం రెట్టింపైతే ఒక్కో కిలో గాలిలోని గతిశక్తి నాలుగింతలవుతుంది. పైగా అదే సెకనులో రెట్టింపు గాలి రెక్కల గుండా పోతుంది. మొత్తం ఎనిమిదింతలు. దీంట్లో 59.3 శాతానికి మించి ఏ మరా పట్టుకోలేదు. ఇది జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ పేరు మీద చెలామణీ అయ్యే హద్దు.

ఇప్పుడు ఒక రోజు తీసుకుందాం. పన్నెండు గంటలు సెకనుకి 4 మీటర్ల గాలి, పన్నెండు గంటలు 10 మీటర్ల గాలి. సగటు 7. ఏడు ఘనం 343. కాని నిజంగా జరిగింది ఏమిటి? నాలుగు ఘనం 64, పది ఘనం 1000. వీటి సగటు 532. అంటే సగటు తీసి ఘనం చేస్తే ఒక జవాబు, ఘనం చేసి సగటు తీస్తే దానికంటే 55 శాతం పెద్ద జవాబు. జూన్, జూలైలలో నన్ను మొనగాణ్ణి చేసింది ఈ తప్పే. నా లెక్క తప్పు కాబట్టే మర నా మాట దాటి పనిచేసింది! తప్పు మనకి అనుకూలంగా ఉన్నప్పుడు ఎవరూ వెనక్కి వెళ్ళి చూడరు. నేనూ చూడలేదు.

సగటు రెస్పాన్సు టైము రెండువందల మిల్లీసెకన్లు అని డాష్‌బోర్డు చూపిస్తే మనం ఊరుకోం కదా, “నూటికి తొంభైతొమ్మిదో వంతు దగ్గర ఎంత?” అని అడుగుతాం. గాలి దగ్గరికి వచ్చేసరికి నాకు ఆ బుద్ధి పనిచేయలేదు. మరలు పెట్టేవాళ్ళు చేసేది అదే: ఏ వేగం ఏడాదిలో ఎన్ని గంటలు ఉందో పంపకం గీస్తారు. అది గంట ఆకారంలో ఉండదు, ఒక పక్కకి వాలి ఉంటుంది. వైబుల్ పంపకం అంటారు.

ఉత్తరాన కట్టినవాళ్ళు

సౌదీలో మొదటి పెద్ద గాలిమరల తోట ఉత్తరాన, రియాద్‌కి సుమారు 900 కిలోమీటర్ల దూరంలో, అల్ జౌఫ్ ప్రాంతంలోని దూమత్ అల్ జందల్ దగ్గర ఉంది. 99 మరలు, మొత్తం 400 మెగావాట్లు. ఫ్రాన్సుకి చెందిన ఈడీఎఫ్ రెన్యూవబుల్స్, అబూదాబీకి చెందిన మస్దర్ కలిసి కట్టాయి. మరలు డెన్మార్కు వెస్టాస్ కంపెనీవి. 2019 జనవరిలో టెండరు దక్కింది, 2021 ఆగస్టులో మొదటి కరెంటు గ్రిడ్‌లోకి వచ్చింది. దానికి ముందు ఇంకా ఉత్తరాన, జోర్డాన్ సరిహద్దు వైపు ఉన్న తురైఫ్‌లో ఆరాంకో, జీఈ కలిసి 2017లో 2.75 మెగావాట్ల మర ఒక్కటి నిలబెట్టాయి. ఒంటరి స్తంభం లాంటిది, ప్రయోగం కోసం.

ఎడారిలో చలేమిటి అనకండి. తురైఫ్, అరార్ వైపు శీతాకాలపు రాత్రులు సున్నాకి దిగుతాయి, అప్పుడప్పుడు మంచు కూడా పడుతుంది. ఖఫ్జీ నుంచి హఫర్ అల్ బాతిన్, రఫ్హా మీదుగా పాత టాప్‌లైన్ రోడ్డు పట్టుకుని నేనూ ఒక స్నేహితుడూ ఒక జనవరిలో అటు వెళ్ళాం. అరార్‌లో పొద్దున్న లేచేసరికి కారు అద్దం మీద తెల్లగా మంచు పేరుకుని ఉంది. అద్దం గీకడానికి ఏమీ లేక క్రెడిట్ కార్డు వాడాం.

దూమత్ అల్ జందల్ మరల రెక్కల చక్రం వ్యాసం 150 మీటర్లు, స్తంభం ఎత్తు 130 మీటర్లు. ఆ చక్రం ఊడ్చే వైశాల్యం సుమారు 17,670 చదరపు మీటర్లు. సెకనుకి 10 మీటర్ల గాలిలో అంత చక్రం గుండా పోయే శక్తి పది మెగావాట్ల పైచిలుకు. దాంట్లో సుమారు నాలుగు మెగావాట్లు కరెంటుగా చేతికొస్తుంది. సాంద్రత సంగతి కూడా చూడండి. ఒకే పీడనం దగ్గర మైనస్ 20 డిగ్రీల గాలి 45 డిగ్రీల గాలి కంటే పాతిక శాతం బరువు. కాబట్టి అదే వేగంతో వీచే చలిగాలి పాతిక శాతం ఎక్కువ శక్తి మోసుకొస్తుంది. ఉత్తరం మీద అందరికీ అంత మోజు ఉండడానికి ఇదొక కారణం.

స్తంభం పాతడానికి ముందు కనీసం ఏడాది పాటు గాలిని కొలుస్తారు. ఎత్తైన కొలత స్తంభాలు, లేజరు కాంతితో గాలి వేగం చెప్పే లైడార్లు పెట్టి పది నిమిషాలకొక లెక్క రాసుకుంటారు. ఆ ఏడాది మంచి గాలి ఏడో చెడ్డ గాలి ఏడో తెలియదు కనుక, ఐరోపా వాతావరణ కేంద్రం వాళ్ళ ఈఆర్ఏ5 లాంటి దశాబ్దాల గంటవారీ లెక్కలతో పోల్చి సరిదిద్దుతారు. ఇవి ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. నేను ఈ పని చేసి ఉంటే క్యాంపు కథ ఉండేది కాదు.

చలిదేశాల్లో ఈ కొలతలోనే ఒక చిత్రమైన ప్రమాదం ఉంది. గాలివేగం కొలిచే గిన్నెల పరికరానికి మంచు పట్టి బిగుసుకుపోతుంది. తుఫాను వీస్తుంటే డేటాలో సున్నా పడుతుంది. ఆ సున్నాలని నమ్మితే అక్కడ గాలి లేదనుకుంటాం. పోనీ చెడిపోయిన వరసలని తీసేద్దామా అంటే, అవి సరిగ్గా శీతాకాలపు వరసలు. తీసేస్తే వేసవి సగటునే ఏడాది సగటు అనుకుంటాం. డేటాలో ఖాళీలు యాదృచ్ఛికంగా రావు అని స్టాటిస్టిక్సు క్లాసులో చదివిన మాటకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. అందుకే అక్కడ కొలత పరికరాలకి లోపలే హీటరు ఉంటుంది.

రెక్కలకీ అదే బాధ. మంచు పట్టిన రెక్క ఆకారం మారిపోతుంది, ఉత్పత్తి పడిపోతుంది, మర అదురుతుంది, విడిపోయిన గడ్డలు దూరంగా వెళ్ళి పడతాయి. ఫిన్లాండ్ ఉత్తర భాగమైన లాప్లాండ్‌లో 1990లలోనే రెక్కలకి విద్యుత్ హీటర్లు పెట్టి ప్రయత్నించారు. కరెంటు తయారుచేసే యంత్రం తన కరెంటుతో తన ఒళ్ళు కాచుకోవడమన్నమాట. అతిశీతల ప్రాంతాల మరలకి వేరే ఉక్కు, వేరే గ్రీజు, గేరుపెట్టె నూనెకి వేడి. మన ఎడారిలో దీనికి తలకిందులు: ఎండ మరీ ఎక్కువైతే మర తనంతట తనే ఉత్పత్తి తగ్గించుకుంటుంది, ఇసుక రెక్క అంచుని నమిలేస్తుంది. కాంక్రీటు కూడా అంతే. ఒక్కో పునాదిలో వందల ఘనపు మీటర్ల కాంక్రీటు ఆగకుండా పోయాలి. అక్కడ నీళ్ళు వేడిచేసి కలుపుతారు, ఇక్కడ రాత్రిపూట, నీళ్ళలో ఐసు వేసి కలుపుతారు.

క్రేనుకి ఒక లెక్క, బ్యాటరీకి ఒక లెక్క

ఆ మరల రెక్క ఒక్కొక్కటీ 73 మీటర్ల పైన పొడవు. ఓడరేవు నుంచి వందల కిలోమీటర్లు లారీ మీద రావాలి; దారిలో మలుపులు వెడల్పు చేయాలి. అదంతా డబ్బుతో అయ్యే పని. డబ్బుతో కానిది క్రేను పని. 130 మీటర్ల ఎత్తుకి రెక్కని ఎత్తి బిగించడానికి గాలి ఒక హద్దు లోపల ఉండాలి, అదీ వరసగా కొన్ని గంటలు. గాలి ఎక్కువని ఏరి కోరి వెతికిన చోటే గాలి ఆగాలని ఎదురుచూడాలి. అంత పెద్ద క్రేను ఖాళీగా నిలబడినా అద్దె పడుతూనే ఉంటుంది.

ఇక్కడ పంపకం కూడా సరిపోదు. ఏడాదిలో సరిగ్గా సగం గంటలు క్రేనుకి అనుకూలం అనుకుందాం. మనకి వరసగా ఎనిమిది గంటలు కావాలి. ప్రతి గంటా బొమ్మా బొరుసూ వేసినట్టు మారుతుంటే, ఇప్పటి నుంచి ఎనిమిది గంటలూ అనుకూలంగా ఉండే అవకాశం 256లో ఒకటి. అలా కాక ఒక రోజంతా ప్రశాంతం, ఒక రోజంతా గాలి, మళ్ళీ ప్రశాంతం అనుకుంటే? ప్రతి 48 గంటల్లో 17 గంటలు పని మొదలుపెట్టడానికి పనికొస్తాయి. అంటే మూడింట ఒక వంతు పైన. సగటు అదే, పంపకం అదే, వరస మాత్రమే వేరు. జవాబు 256లో ఒకటి నుంచి మూడింట ఒకటికి మారింది.

ఇదే వరసని బ్యాటరీ వైపు నుంచి చూడండి. బొమ్మా బొరుసూ గాలి అయితే గంట నిండుతుంది, గంట వాడుకుంటాం, చిన్న బ్యాటరీ చాలు. రోజులకి రోజులు ఆగే గాలి అయితే ఎంత బ్యాటరీ అయినా ఖాళీ అవుతుంది. క్రేనుకి మేలు చేసే గాలి బ్యాటరీకి కీడు చేస్తుంది. నా రెండో తప్పు ఇది. ఆగస్టు నెల మొత్తం మీద సగటు బాగానే ఉంది. కాని ఆ సగటులో మంచి గాలి అంతా నెల మొదట్లో, నిశ్శబ్దం అంతా నెల చివర్లో ఉంది. మనుషులు నెల సగటులో నిద్రపోరు, ఒక్కో రాత్రి నిద్రపోతారు.

మన ఊళ్ళలోనూ ఇంతే. మాది అప్పటి అనంతపురం జిల్లా. రామగిరి కొండల మీద (2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా) 1990ల నుంచీ గాలిమరలు ఉన్నాయి. చిన్నప్పుడు బస్సు కిటికీలోంచి లెక్కపెట్టేవాణ్ణి. నైరుతి గాలి వీచే జూన్–సెప్టెంబరు మధ్యే ఏడాది ఉత్పత్తిలో ఎక్కువ భాగం వచ్చేస్తుంది. బోర్లు, ఫ్యాన్లు కరెంటు అడిగే మార్చి, ఏప్రిల్‌లలో ఆ రెక్కలు బద్ధకంగా ఆవులిస్తూ ఉండేవి.

స్వీడన్ కథ

నా తప్పు నలభై మందికి ఒక రాత్రి నిద్ర పోగొట్టింది, ఒకణ్ణి ఆసుపత్రికి పంపింది. ఇదే కుటుంబానికి చెందిన తప్పు ఉత్తర స్వీడన్‌లో ఒక పెద్ద కంపెనీనే కుదిపేసింది. ఆర్కిటిక్ వృత్తానికి కాస్త దక్షిణాన, పీటెయో ఊరి దగ్గర మార్క్‌బిగ్డెన్ ఎట్ అని ఒక తోట ఉంది. 179 మరలు, 650 మెగావాట్లు. చలి, మంచు, అడవి, దూరం అన్నీ గెలిచి కట్టారు. కట్టకముందే, 2017లో, నార్వే అల్యూమినియం సంస్థ హైడ్రోతో 19 ఏళ్ళకి ఒప్పందం చేసుకున్నారు: గాలి ఉన్నా లేకపోయినా నిర్ణీత కరెంటు అందిస్తామని. అల్యూమినియం కొలిమికి ఆగని కరెంటు కావాలి కనుక కొనేవాళ్ళ కోరిక సబబే.

ఇందులో ఇబ్బంది ఏమిటో చిన్న అంకెలతో (ఇవి నేను కల్పించినవి) చూద్దాం. మీరు ప్రతి గంటా 100 యూనిట్లు, యూనిట్ 30 చొప్పున ఇస్తామన్నారు. సగం గంటల్లో మీ మరలు 200 యూనిట్లు తీస్తాయి, సగం గంటల్లో సున్నా. సగటు సరిగ్గా 100, ఒప్పందానికి సరిపోయింది. గాలి ఉన్న గంటల్లో పక్కవాళ్ళ మరలూ తిరుగుతాయి కనుక బజారు ధర 20. గాలి లేని గంటల్లో అందరివీ ఆగుతాయి కనుక 80. ఒప్పందం మీద ప్రతి గంటా 3,000 వస్తుంది. గాలి ఉన్న గంటలో మిగిలిన 100 యూనిట్లు అమ్మితే 2,000 లాభం. లేని గంటలో 100 యూనిట్లు కొని ఇవ్వాలి, 8,000 ఖర్చు. రెండు గంటలకి కలిపి వచ్చింది 6,000 + 2,000, పోయింది 8,000. మిగిలింది సున్నా. ఉత్పత్తి సగటున ఒక్క యూనిట్ కూడా తగ్గలేదు, అయినా బ్యాంకు వాయిదా కట్టడానికి పైసా లేదు!

2021–22లో ఐరోపాలో కరెంటు ధరలు పైకెగసినప్పుడు ఆ 80 ఎక్కడికో వెళ్ళింది. 2023లో మార్క్‌బిగ్డెన్ ఎట్ అప్పుల పునర్వ్యవస్థీకరణ కోసం కోర్టు మెట్లెక్కింది. మన గాలి ఆగినప్పుడు ఇంకెవరి గాలి ఆగుతుంది అన్న ప్రశ్న మన డేటా ఫైలులో ఉండదు, పక్కవాడి ఫైలులో ఉంటుంది. దూమత్ అల్ జందల్ వాళ్ళు 20 ఏళ్ళ ఒప్పందం చేసుకున్నది యూనిట్ ధర మీద. అప్పట్లో అది యూనిట్‌కి రెండు అమెరికన్ సెంట్లకి కాస్త తక్కువ. గాలి ఆగితే లోటు పూడ్చే తలనొప్పి కొనుగోలుదారుడిది, అంటే గ్రిడ్‌ది. అంత తక్కువ ధర సాధ్యం కావడంలో మంచి గాలితో పాటు ఆ నిశ్చింతకీ వాటా ఉందని నా అభిప్రాయం. తురైఫ్ దాపున వాద్ అల్ షమాల్ దగ్గర 500 మెగావాట్ల తోటకి 2024లో 1.70 సెంట్లకే ఒప్పందం కుదిరింది. వాద్ అల్ షమాల్ అంటే ‘ఉత్తరం చేసిన వాగ్దానం’. పేరు బాగుంది కాని ఉత్తరపు గాలి మాత్రం ఎవరికీ వాగ్దానాలు చేయదు.

మీకు ఆసక్తి ఉంటే ఈ వారాంతం మీ ఊరి అక్షాంశ రేఖాంశాలకి ఈఆర్ఏ5 నుంచి పదేళ్ళ గంటవారీ గాలి వేగాలు దింపుకోండి. మర తిరగడం మొదలుపెట్టేది సెకనుకి సుమారు 3 మీటర్ల దగ్గర. వరసగా ఎన్ని గంటలు అంతకంటే తక్కువ ఉందో లెక్కపెడుతూ పొండి. దాటగానే లెక్క సున్నా చేయండి. ఏటా అతి పెద్ద అంకెని దాచుకోండి. పైథాన్‌లో పది వరసలు. నేల నుంచి 10 మీటర్లు, 100 మీటర్లు రెండు ఎత్తుల లెక్కలూ ఉంటాయి. మీ మర ఎత్తుకి దగ్గరిది తీసుకోండి. అది పరగణా మొత్తానికి వేసిన ముతక లెక్క కనుక మీ ఇంటి వెనక గుట్టని పట్టించుకోదు, కాస్త అనుమానంతో చూడండి.

క్యాంపుకి నేను రాసిన రెండో రిపోర్టు మొదటి పేజీలో సగటు లేదు. అతి పొడవైన నిశ్శబ్దం ఎన్ని గంటలో, అన్ని గంటలకి ఎంత డీజిల్ కావాలో, దానిమీద ఇంకో రెండు రోజులకి ఎంతో, ఈ మూడు అంకెలే ఉన్నాయి. మేనేజరు చూసి “పోయినసారి కంటే ఖర్చు పెరిగిందే” అన్నాడు. అవునన్నాను. సంతకం పెట్టడానికి వారం తీసుకున్నాడు. ఆ వారం రోజులూ షమాల్ హోరుమని వీచింది.